తిరగబడిన తీగ

నార్లేన్‌లో శనివారం పొద్దున. సముద్రం మీది గాలి
షట్టరు కింద దూరి నా మడమలు కొరుకుతోంది.
జ్రింక బండి వెనక తలుపెత్తి
ఫోన్లో రాసి చూపించింది:
"దెబ్బ తగలట్లేదు."
గొంతు పట్టేసిందేమో పాపం, అనుకున్నాను.

పాత ఫాల్కన్ వ్యాగన్.
ఇంజను పోత పోసింది ఈ గీలాంగ్‌లోనే.
లోపల, ఎందుకో, దోమలమందు వాసన.
వెనక సీటు మడిచి పన్నెండంగుళాల పెట్టెలు రెండు,
వాటికీ తలుపు స్పీకర్లకీ కలిపి ఒకటే ఆంప్లిఫయర్.
దాని కంట్లో పచ్చదీపం:
ప్రాణం ఉంది, రోషం లేదంతే.

తాళం తిప్పాను. పాటకంటే ముందు ఈల.
యాక్సిలేటర్ తొక్కితే మెట్లెక్కుతుంది,
వదిలితే దిగుతుంది,
దోమ సరళీస్వరాలు సాధన చేస్తున్నట్టు.
దొరికాడు దొంగ!

కార్పెట్ లేపి చూస్తే
ఎర్త్ తీగని సీటు బోల్టు కింద
పెయింటు మీదే బిగించారెవరో.
రంగు మీద నిలబడితే నేల మీద నిలబడ్డట్టా?
ఉప్పుకాగితం పట్టాను.
నీలం పోయింది, బూడిద పోయింది,
ఇనుము తళుక్కుమంది.
మీటరు ముల్లు సున్నా దాకా దిగింది.
ఈల సగం తగ్గింది. సగం మొండికేసింది.

సిగ్నల్ తీగలు కరెంటు తీగని కౌగిలించుకుని పడుకున్నాయి.
విడదీసి, కాపురాలు మార్చి,
ఒకదాన్ని కుడి గుమ్మం కింద, ఒకదాన్ని ఎడమ గుమ్మం కింద
తోసి, పొడిచి, క్లిప్పులు కొట్టి,
గోరు చీరుకుని లేచేసరికి రెండయింది.
ఈల లేదు.
చెవులు కడిగి ఆరేసినంత నిశ్శబ్దం.

బొటనవేలెత్తి చూపించాను.
ఆమె పెట్టె మీద అరచెయ్యి ఆనించి
తల అడ్డంగా ఊపింది.
ఈల పోయిందిగా, అన్నాను. నా పెదాలు చూసి రాసింది:
"ఏ ఈల?"

తర్వాత తీరిగ్గా, తప్పుల్లేకుండా:
"పుట్టుచెవుడు నాకు. పాట వీపులోంచి వస్తుంది.
పోయిన వారం మా తమ్ముడు పెట్టెలు ఊడదీసి దుమ్ము దులిపాడు.
అప్పట్నించి కుడిది ఇస్తుంటే ఎడమది లాక్కుంటోంది."

మా మామ మైకుసెట్టు కింద పన్నెండేళ్ళు తీగలు చుట్టాను.
ఇక్కడ తొమ్మిదేళ్ళుగా ఇదే పని.
పొద్దుట్నించి బాగుచేసింది
నా చెవుల బాధ.

సొరుగులోంచి తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీశాను.
ఆంప్లిఫయర్ దగ్గర తీగలూడదీసి ముట్టించాను.
కుడి కోను ముందుకు ఉబికింది.
ఎడమది లోపలికి పోయింది,
తిట్టు మింగిన చెంపలా.

తొట్టిలో ఒకడు నీళ్ళు పోస్తున్నాడు,
ఒకడు తోడేస్తున్నాడు,
ఇద్దరికీ చెమటలే.
కాయిలు కమరలేదు, ఫ్యూజు మాడలేదు,
ఎరుపు నలుపు చోట్లో, నలుపు ఎరుపు చోట్లో.
స్క్రూలు రెండు. పట్టింది మూడు నిమిషాలు.

మళ్ళీ తాళం.
బల్ల మీది నట్ల డబ్బా నడిచి నడిచి కిందపడింది.
నంబరు ప్లేటు పళ్ళు కొరికింది
(దాని వెనక నురగ అంటించాలి, గుర్తుంచుకోవాలి).
జ్రింక వ్యాగన్లోకెక్కి
రెండు పెట్టెలకీ మధ్య వీపు ఆనించి
నవ్వింది. పాటకంటే పెద్దగా.
పక్క షెడ్డులో టైర్లవాడు తొంగిచూశాడు.

బిల్లు రాశాను: స్క్రూలు రెండు, ఇరవై డాలర్లు.
ఎర్త్ గీకింది, తీగలు మార్చింది నా సరదా, వద్దులే, అన్నాను.

ఆమె ఫోను తీసుకుని చాలాసేపు రాసింది.
"ఈలకి కూడా వెయ్యి. బామ్మని ప్రతి ఆదివారం
చర్చికి తీసుకెళ్తాను. ఆవిడకి బాగా వినపడుతుంది.
ఏడాది నుంచి
ఈ బండిలో దోమలమందు కొడుతూనే ఉంది."