సాగే చోటు

పీల్ రేవులో హెర్రింగ్ చేపల పొగ
నా కొట్టు గడప దాకా వచ్చి ఆగిపోతుంది.
లోపల ఇంకో వాసన,
రోడ్డుకు రాసుకుపోయిన తోలుది.

ముప్పై రెండేళ్లుగా
పడ్డవాళ్ల బట్టలు బాగుచేస్తున్నాను.
మనిషిని చూడకుండానే చెప్పగలను
ఏ మలుపులో జారాడో,
ఏ భుజం మీద ఎంత దూరం పోయాడో.
గీతలకు అబద్ధం రాదు.
మనుషులే, "కాస్త ఒరిగిందంతే" అంటారు.

ఇవాళ పొద్దున ఇలియమ్ కెర్మోడ్ వచ్చాడు.
డెబ్భై ఒకటి. మోకాళ్లు రెండూ మొరాయించిన గుర్రాలు.
పాత సూటు బల్ల మీద పడేసి
"అంతా సాగే నూలు గుడ్డతో మార్చెయ్,
తొడుక్కోడానికే అరగంట పడుతోంది" అన్నాడు.
ఆ తోలును భుజాల మీదికి ఎక్కించే మోనా
మార్చిలో పోయింది.
ఆ సంగతి అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సొరుగులోంచి ఒక పోగు తీసి చేతికిచ్చాను.
లాగమన్నాను.
లాగితే రెండింతలైంది.
వదిలితే, ఏమీ ఎరగనట్టు
ఉన్న చోటికే వచ్చి ముడుచుకుంది.
మళ్లీ లాగాడు. మళ్లీ వదిలాడు.
పిల్లాడిలా నవ్వాడు.

అగ్గిపుల్ల గీశాను.
పోగు భగ్గుమనలేదు.
కుంచించుకుపోయి, నల్లటి బొట్టయి
పుల్ల కొసకు అతుక్కుంది.
"దీని కింద నీ మోకాలి చర్మం ఉందనుకో" అన్నాను.
నవ్వు ఆగింది.

ఇంకో రీలు తెచ్చింది బ్రీషా, నా దగ్గర పని నేర్చుకునే పిల్ల.
లోపల అదే సాగే పోగు,
చుట్టూ పాదుకు తీగ అల్లుకున్నట్టు
పసుపుపచ్చటి అరమిడ్ దారం.
దాన్నీ కాల్చాను.
కమిలింది గాని కారలేదు.

"మరింకేం, ఒళ్లంతా ఇదే వెయ్."

ఒళ్లంతా సాగితే, ఇలియమ్,
మోచేతి మీద కూర్చోబెట్టిన కవచం
రోడ్డు పట్టి లాగగానే ముంజేతికి దిగిపోతుంది.
కాపలావాడు పక్క వీధిలో నిలబడితే
నీ ఇంటికెవరు దిక్కు?
భుజం, తుంటి, మోచెయ్యి
నేలను ముందు పలకరించేవి. వాటికి తోలే.
తెగేదాకా లాగొద్దంటారు పెద్దలు.
తారుకు ఆ సామెత ఎవరూ చెప్పలేదు.
మోకాలి వెనక గుంట, నడుం పైభాగం, చంక కింద,
ఒళ్లు తనలోకి తాను మడుచుకునే చోట్లు,
అక్కడ వేస్తాను సాగేది.

స్టూలు మీద కూర్చోమన్నాను, బండి మీద కూర్చున్నట్టు.
కూర్చున్నాడు.
లేని హ్యాండిల్ పట్టుకుని
లేని కొండ మలుపు కేసి చూస్తూ
కాసేపు నా టేపు సంగతే మర్చిపోయాడు.
వంగిన మోకాలి దగ్గర తోలు
నాలుగు వేళ్లు చాల్లేదు.
ఇన్నేళ్లూ నేను అమ్ముతున్నది
ఆ నాలుగు వేళ్ల వెడల్పే.

లోపలి అతుకులు చూద్దామని సూటు తిరగేస్తే
కాలర్ కింద ఒక పట్టీ.
లోఘ్టన్ గొర్రె గోధుమరంగు ఊలు, చేత్తో అల్లింది,
సాగి సాగి
వెనక్కి రావడం మర్చిపోయింది.
ఏ పరీక్షకూ నిలవదు.
నిప్పుకు ఆగదు, రాపిడికి ఆగదు,
చలికి కూడా అంతంతమాత్రమే.
బ్రీషా కత్తెర ఎత్తింది.

"అది ఉండనీ అమ్మాయ్," అన్నాడు, కిటికీ వైపు తిరిగి.

శుక్రవారం రమ్మన్నాను.
అతను మెట్లు దిగేదాకా చూసి
సుద్ద ముక్క తీసుకున్నాను.
రెండు మోకాళ్ల వెనక, నడుం మీద, చంకల కింద
గుర్తులు పెట్టాను.
మెడ దగ్గర
ఏమీ పెట్టలేదు.