ఆరో పాఠం

ఆరో పాఠంలో మంచు కురుస్తుంది.
ఎనిమిదేళ్లుగా కురుస్తూనే ఉంది.
ఒక కుర్రాడు పార పట్టుకుని
ఇంటింటి ముందూ మంచు ఎత్తిపోస్తాడు,
వాకిలికి పన్నెండు డాలర్లు.
దాన్నిబట్టి మనం
లాభమంటే ఏమిటో గ్రహించాలి.

మద్దిలపాలెంలో మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్కచుక్కా పడుతుంటే
పదకొండు దేశాల పిల్లల కోసం
ఆ మంచుని కరిగించడం నా ఉద్యోగం.
డాలర్లని ఒకచోట రూపాయలు చేశాను, ఒకచోట క్వాచాలు.
కుర్రాడికి పదకొండు పేర్లు పెట్టాను.
మంచు తీసి ఇసక పోశాను.
అయినా సగంమంది అక్కడే ఆగిపోతున్నారని
తెరమీద ఎర్రగీత
రోజూ కిందికి జారి చూపించేది.

ఒక తెల్లారుజామున ఫిషింగ్ హార్బరుకి పోయాను.
బోట్లు అప్పుడే ఒడ్డుకి ఆనుకున్నాయి.
గరికిన దాసమ్మ గంప ముందు
నోట్‌బుక్కుతో కూర్చుంటే
"ఏటి రాస్తన్నావు బాబూ, కొంటావా కొనవా?" అంది.
"ఏడింటికి నూటెనబై. తొమ్మిదికి వంద.
పదయితే పిల్లి తింటాది.
ఐసు కొంటే నాబం పోద్ది,
కొనకపోతే సేప పోద్ది. రాసుకో."

రాసుకున్నాను.
పాఠంలోకి ఉప్పుగాలి వచ్చింది.
ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు.
నాకూ కొంచెం పొగరొచ్చింది.

అప్పుడు మంగోలియా నుంచి
సారంగెరెల్ అనే అమ్మాయి రాసింది:
"మాకు సముద్రం లేదు.
చేప ఎన్ని గంటలకి పాడవుతుందో
మా ఇంట్లో ఎవరికీ తెలియదు.
మేం అమ్మేది గుర్రప్పాలు.
పులిస్తేనే వాటికి ధర.
మీ పాఠంలో కాలం గడిస్తే నష్టం.
మరి నేనెక్కడ నిలబడను?"

మంచు ఊడ్చేసిన చోట
నేను మళ్లీ ఉప్పునీళ్లు నింపానన్నమాట.

ఆ ఉత్తరం దాసమ్మకి చదివి వినిపించాను.
కత్తిపీట ఆపి వింది.
"గుర్రానికి పాలు పితుకుతారా!
ఎన్ని పూటలు? పులవడానికి ఎన్నాళ్లు?
అన్నాళ్లూ ఇల్లు ఎవలు నడుపుతారు?
కుండ సొంతవేనా, అద్దెదా?"
అని, ఇంకా నా మొహంలోకి చూసి
"మాకు మాత్రం నేదేటి?
అమ్ముడవని కవళ్లు ఎండేస్తాం.
ఎండితే అదో రేటు.
అదీ రాయనేదా నువ్వు?"

రాయలేదు.
పదింటికే నేను ఆఫీసుకి వెళ్లిపోయాను.
ఎండబెట్టేది పదింటి తరవాత.

ఇప్పుడు ఆరో పాఠంలో
మంచు లేదు, చేప లేదు.
దాసమ్మ అడిగిన ప్రశ్నలున్నాయి,
వాటి కింద తెల్లటి జాగా ఉంది.
జాంబియా నుంచి ఒకతను బొగ్గుబస్తాల గురించి రాశాడు,
వాన పడితే ఏమవుతుందో.
సారంగెరెల్ రెండు పేజీలు రాసింది.
కుండ కాదట, తోలుసంచి. వాళ్ల నాయనమ్మది.
దాసమ్మకి చెప్పాలి.

అట్టమీద మాత్రం
ఆ కుర్రాడింకా ఉన్నాడు, ఉన్నికోటు వేసుకుని.
బొమ్మ మార్చడానికి అనుమతి రాలేదు.
విశాఖపట్నం మే నెల మధ్యాహ్నం
కరెంటు పోయినప్పుడు
వాణ్ణి చూస్తే జాలేస్తుంది.