మూడోసారి అనకముందు

రేషన్ కార్డులో నా పేరు లేదమ్మ.
లేయమ్మ అని చెప్పినాడు మా నాయన,
రాసుకునేటోనికి అట్ల ఇనపడింది.
దిద్దించుకోలేదు నేను.
ఇరవై రెండేండ్లు
చక్కెరకీ కందిబేడలకీ వరసలో నిలబడి
లేదమ్మా, అని పిలిస్తే
ఆఁ, ఉండా, అంటి.

గుత్తి ఆర్.ఎస్. కాడ మిల్లులో నా పని ఏరడం.
బెల్టు మీద చెనిక్కాయ విత్తనాలు
వంక పారినట్టు వస్తాంటాయి.
నల్లబడింది, ముడతబడింది,
పురుగు తొలిచింది, బద్దలైంది,
చూపు పడేలోపలే వేలు పడాల.
పొద్దుగూకేసరికి
నా కాళ్ళకాడ బుట్టెడు పొల్లు.
ఏది పనికిరాదో
నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు.
ఆ కండ్లతోనే ఇంటికొచ్చి
అద్దంలో చూసుకుంటాంటి.

పై పెదిమె పుట్టుకతోనే చీలింది.
మిషన్ ఆసుపత్రిలో కుట్టినారు గానీ
మాట ముక్కులోనించే వస్తాది.
చర్చిలో ఆడోళ్ళ చాపకి కడాకు కూర్చుని
పాటలకి పెదిమెలు మాత్రం ఆడిస్తాంటి.
దేవునికి గూడా
నేనొక మూసిన నోరేమో అనుకుంటి.

పాస్టరమ్మ జసింత ఒకనాడు
గిన్నెలు కడుగుతా, ఊరికే అన్నట్టు అనింది:
నీ పేరుగలామెని మొగుడు చూడకపాయె,
దేవుడు చూసినాడు, తెలుసునా?
నేను గమ్మునుంటి.
ఆ రాత్రి ముద్ద మింగుతాంటే
పంటికింద రాయిమాదిరి ఆ మాట.
చూసినాడా?
చూసుంటే ఏరి పారేసుండడా?
చూడడమంటే నాకు తెలిసింది అదొకటే గదా.

కోత పండగ వచ్చింది.
సేటునడిగి, బుట్టలో పొల్లులోనించే
రెండు ఆదివారాలు కూర్చుని
పడి విత్తనాలు మళ్ళా ఏరినా.
ముడతబడినా ముక్కు చెడనివి.
విత్తనం మొలిచేది ఆ ముక్కుకాడ్నే.
పాత చీర పేగులో మూటగట్టి
గుమ్మడికాయల ఎనక పెట్టొచ్చినా.

కోడిపుంజు ఆరునూర్లు పలికింది.
ఎర్రగడ్డల మూటకి ఇద్దరు పోటీ పడినారు.
సంఘపెద్ద జకరయ్య నా మూట ఇప్పి
అరచేతిలో పోసుకుని, ఒక్క చణం చూసి,
పది రూపాయలు, అన్నాడు.
ఎవరూ పలకలేదు.
పిల్లోడెవడో కిసుక్కుమన్నాడు.
ఒకటోసారి.
ఫ్యాను తిరుగుతాండాది.
రెండోసారి.

యాభై, అంటి.

ముక్కులోనించే. గట్టిగా.
చర్చి చర్చి ఎనక్కి తిరిగింది.
వేలంపాట గూడా పాటే గదా,
నలభై రెండేండ్లకి
ఆ ఇంట్లో నేను పాడింది అదే మొదలు.

నీవి నువ్వే పాడుకుంటావేమ్మే,
అని నవ్వినాడు జకరయ్య.
నాకు జవాబు రాలేదు.
మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక,
నోట్లు లెక్కబెట్టేటప్పుడు, తట్టింది:
ఇట్లనే, ఎప్పుడో,
ఎవరూ పలకని చోట,
మూడోసారి అనకముందు
నా మీద ఒకాయన పాట పాడేసినాడు.
ఎంతకని అడగొద్దు.
ఆయన అరచేతులు చూడు, తెలుస్తాది.

అంతా మారిపోయిందని చెప్పను.
సోమవారం మళ్ళా అదే బెల్టు, అదే బుట్ట.
అద్దం ముందర చెయ్యి ఇప్పటికీ
పెదిమె మీదికి లేస్తాది,
సగం పోయి, ఏదో గుర్తొచ్చినట్టు దిగుతాది.
సగం విత్తనాలు వేయించుకుని తింటి.
మిగతావి దొడ్లో నాటితే
పందొమ్మిది మొలిచినాయి.
ఎన్ని మొలవలేదో లెక్కబెట్టలేదు,
ఆ లెక్క మిల్లులో చాలు.

నిన్న మీసేవ కాడికి పోయినా.
పేరు దిద్దించాల నాయనా, అంటి.
కంప్యూటర్ లోనించి తల ఎత్తకుండా
ఏం పేరు? అన్నాడు.
చెప్పినా.
లేదమ్మా? అన్నాడు.
కాదు నాయనా.
ఒక్కో అక్షరం చెప్తా, కొట్టు.
ఎనక వరసలో పదిమంది ఇంటాన్నారు,
ఇననీ.

లే, అంటి.
మళ్ళా చెప్పు, అన్నాడు.

లే.