మిగిలిన ఐదు పాయింట్ నాలుగు

వేదిక మీద నా పేరు తప్పు చదివారు.
పుష్పలీలని పుష్పలత చేశారు.
సరిదిద్దలేదు నేను.
వెనక తెర మీద నా స్లైడు వెలుగుతోంది:
పాత ఫోన్ల పలకల్లోంచి బంగారం,
సైనైడ్ లేకుండా, పాదరసం లేకుండా,
రికవరీ తొంభై నాలుగు పాయింట్ ఆరు శాతం.
చప్పట్లు.

తార్నాకలో ఆ హాలు చల్లదనానికే
మూడో వరుసలో మామ వణుకుతున్నాడనుకున్నారు.
ఒకాయన లేచి వెళ్ళి ఏసీ తగ్గించమన్నాడు కూడా.
ఏసీ కాదు.
విఠలయ్య మామ చేతులు మే నెలలోనూ అంతే.
చాయ్ ఇస్తే సగం సాసర్లోకే.

గుల్జార్ హౌజ్ వెనక కంసాలి గల్లీల్లో
తెల్లారి నాలుగింటికి,
మున్సిపాలిటీ చీపుర్ల కన్నా ముందు
ఆయన కుంచె తిరిగేది
గడప సందుల్లో, మెట్ల అంచుల్లో,
కార్ఖానావాళ్ళు చేతులు కడిగిన నీళ్ళు
మోరీలో పడే మూలన.
నాకు ఎనిమిదేళ్ళు. టార్చి పట్టుకోవడం నా డ్యూటీ.
"బంగారం బరువు బిడ్డా, దానికి తొందరుండది.
మట్టిని పోనియ్యి. ఉండేది ఉంటది."
తసలలో నీళ్ళు తిప్పుతూ అనేవాడు.
పన్నెండేళ్ళ తర్వాత క్లాసులో
అదే మాటని బోర్డు నిండా రాశారు,
సాంద్రతల తేడా, స్నిగ్ధత, కణం వ్యాసార్థం.
నోట్సు అంచున నేను 'తసల' అని రాసుకున్నా.

ఈ పనిని జలగడుగు అంటారని
మొన్నమొన్ననే నిఘంటువులో చూశాను.
గల్లీలో న్యారియా అంటారు.
ఎం.టెక్‌లో హైడ్రోమెటలర్జీ.
మూడు పేర్లకీ మామ ఒకేలా తలూపాడు.

అన్నీ అయ్యాక పాదరసం.
అరచేతిలో పోసుకుని
మెరిసే పురుగులా పరిగెత్తించేవాడు నన్ను నవ్వించడానికి.
ముద్ద కట్టాక గుడ్డలో పిండి
మూకుట్లో పెట్టి బొగ్గుల మీద కాల్చేవాడు,
కిటికీ లేని గదిలో.
పొగ పోయాక అడుగున
ఆవగింజంత పసుపు.
ఆ పొగ ఎటు పోయిందో మేమెవరం అడగలేదు.
చాలా ఏళ్ళకి ఆయన వేళ్ళే చెప్పాయి.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది కదా.
గైడు, ల్యాబు, నిధులిచ్చినవాళ్ళు,
తర్వాత ఆయన పేరు.
ఆఫీసులో గుమాస్తా పెన్ను ఆపాడు, "ఈయన సంస్థ?"
గుల్జార్ హౌజ్ మోరీ, అన్నాను.
అతను నవ్వలేదు. స్పెల్లింగ్ అడిగాడు.

ఇంటికొచ్చాక పతకం ఇటియ్యి అన్నాడు మామ.
గీటురాయి తెచ్చుకున్నాడు.
పూత అర మైక్రాను కూడా ఉండదని నాకు తెలుసు,
అయినా వద్దనలేదు.
ఎడం చేత్తో కుడి మణికట్టుని అదిమిపట్టి
ఒక్క గీత.
దాని మీద తేజాబు చుక్క.
గీత బుసబుస పొంగి, పచ్చగా అయి, లేదు.
"ఇత్తడే."
"అవును మామా."
"టన్నుకెంత పడ్తది నీ ఫోన్ల చెత్తల?"
"రెండొందల గ్రాములు, పైన కొంచెం."
దూలం వైపు చూస్తూ లెక్క వేసుకున్నాడు.
"మరి ఆ ఐదూ పాయింట్ నాలుగు ఏడికి పోతున్నది?"

జ్యూరీలో ఏడుగురున్నారు. వాళ్ళు అడగలేదు.
వడపోత గుడ్డకి కొంత, అన్నాను,
గాజు గొట్టాల గోడలకి కొంత,
మిగతాది తెలీదు.
"తెల్వదంటే ఊడ్వలేదన్నట్టు."

సోమవారం ల్యాబులో
ఆ గుడ్డలన్నీ కాల్చి బూడిద తూచాలి.
సంచిలో ఒక కుంచె పెట్టుకున్నాను,
వెంట్రుకలు సగం రాలిపోయింది.

బహుమతి డబ్బు పాతికవేలు.
పాదరసం మానిపించగలిగాను గానీ తేజాబు మానడు,
అందుకని గోడ పగలగొట్టించి
ఆయన గదికి పొగ లాగే ఫ్యాను పెట్టించాను.
మర్నాడే పక్కింటి జుబేదా ఆపా తగువుకొచ్చింది,
పొగంతా మా ఇంట్లకే వస్తున్నదని.
ఆమె మాటా నిజమే.
గొట్టం ఇంకో పదడుగులు లేపాలి,
ఆ పైన ఎవరి కిటికీ ఉందో చూసుకుని.