గాడి చెడిన సీల

మెల్లిగా వదులు ఊపిరి.
ఈ బల్ల మీద గాలి ఆడితే
నువ్వుగింజలో సగముండే ఇనుము
ఎటు పోతుందో నాకే తెలీదు.
పొద్దుటూరు, బంగారంగళ్ల వెనక సందు,
మూడడుగుల అంగడి నాది.
ఫ్యానుంది గానీ వెయ్యను,
మే నెల్లో కూడా.

తువ్వాల్లో చుట్టి, రెండు కండ్ల యాషికా తెచ్చినాడు
జమ్మలమడుగు స్టూడియో సంజన్న.
షట్టర్ లేవడం లేదంట.
వాళ్ల నాయన దీన్ని మెడకేసుకునే
ముంపు ఊర్లన్నీ తిరిగినాడంట.
ఇంటికొక ఫొటో,
తలుపు మీది నంబరు కనపడేట్టు.
ఇండ్లు నీళ్ల కింద ఉండాయి.
నంబర్లు ఏ ఆఫీసు బీరువాలో ఉండాయో.

ముందు పలక ఇప్పాల. నాలుగు సీలలు.
మూడు చెప్పిన మాట విన్నాయి.
నాలుగోదానికి
తల ఉంది, తల మీద గాడి లేదు.
ఎవడో కసి కొద్దీ తిప్పి తిప్పి
గాడిని గుంత చేసి,
పైన నల్ల గోళ్లరంగు పూసి పెట్టినాడు.
ఏ గాడిద పనో అని తిట్టుకుంటానే
భూతద్దం కంటి మీదికి దించినా.

గంటు ఎడమకు జారింది.
ఎడంచేతివాడు.
గొడుగు కమ్మి అరగదీసి చేసుకున్న పుల్లతో
తిప్పితే పడే గంటు అది,
మొన దగ్గర చీలి, రెండు గీతలై.
ఆ పుల్ల ఇంకా నా డబ్బాలోనే ఉంది.

ఇరవై రెండేండ్లు నాకప్పుడు.
పని వచ్చేసిందనుకున్న ఏడు.

కిరసనాయిలు చుక్క పెట్టి రాత్రంతా ఉంచినా.
టంకం కడ్డీ మొన తలకు తాకించి
పాత లక్క కరిగేదానికి
పద్దెనిమిది దాకా లెక్కపెట్టినా.
వాల్వులు నూరే గరుకు పేస్టు పుల్లకు రాసి
తిప్పింది తక్కువ, అదిమింది ఎక్కువ.
(ఇది ఇప్పుడు తెలుసు.)
కదల్లే.
ఆఖరికి ఓబుళాచారి దగ్గర రంపం తీగ అడుక్కొచ్చి
వెంట్రుకంత కొత్త గాడి కోసినా,
పాతదానికి అడ్డంగా.
కిర్రుమనింది.
ఒక్క కిర్రు, అంతే.
తర్వాత ఊగే పన్ను మాదిరి ఊడొచ్చింది.

మరి కొత్తది యాడ?
జండూబామ్ సీసాల్లో ముప్పై ఏండ్ల సీలలుండాయి:
గడియారాలవి, కండ్లద్దాలవి,
పేరు కూడా చెరిగిపోయిన కెమెరాలవి.
ఒకటి వదులు.
ఒకటి సగం దిగి బిగిసింది.
బలవంతం చెయ్యలే.

ఓబుళాచారి నవ్వినాడు.
'ముక్కుపుడక సీలకు మర కోసే పలకుంది గదరా, తే చూద్దాం.'
ఇత్తడి తీగను కమ్మచ్చులో ఏడు కంతలు దాటించి,
వాళ్ల తాతనాటి మరపలకలో పెట్టి తిప్పి,
నాలికతో తడిపి, ఇంకో రవ్వ తిప్పి.
మూడో కంత మరా, జపాను మరా ఒకటేనంట!
ఎట్లా కుదిరిందో ఆయనకూ తెలీదు.
ముక్కుపుడక కోసం అరుగు మీద కాచుక్కూర్చున్న ఆయమ్మ
మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది,
నా వంతు ఎప్పుడొస్తుందన్నట్టు.

మూడు నల్లవి, ఒకటి పచ్చది. బిగించినా.
నల్లరంగు సీసా మూత తీసి
కొంచెంసేపు చూసి
మళ్లీ మూసినా.

షట్టర్ చిటుక్కుమంటే
చెవి దగ్గర పెట్టుకోని పదిసార్లు విన్నాడు సంజన్న.
'ఇదేంది, బంగారు సీలేసినావా?'
'పొద్దుటూరు గదన్నా' అన్నా.
కూలెంత అన్నాడు.
మీ నాయన ఎప్పుడో ఇచ్చినాడులే అన్నా.
దేనికిచ్చినాడో చెప్పలే.
మాట సగం దాకా వచ్చి
బిగిసిపోయింది.

ఆయన బస్సెక్కినాక
చెడిన సీలను కాలవలోకి ఇసిరేసినా.

తెల్లారి
మట్టి కడిగి బంగారు రజను తీసే తిప్పక్క
చాట చంకన పెట్టుకోని వచ్చింది.
ఇనుప పొట్టు ఏరేదానికి ఆమె దగ్గర
పాత స్పీకర్లోని అయస్కాంతం ముక్క ఉంటుంది.
దానికి మొలిచిన నల్ల మీసాల నడుమ
రెండు గాడుల తల.

'లాలప్పా,
ఈ సందులో ఇనుము పారేసేది నువ్వొక్కడివే.
నీదేనా?'

చెయ్యి చాపినా.
ఎడం చెయ్యి.