పలచటి మంచు

మంచు తోసే బండి నడుపుతాను నేను.
స్వనేతి కొండదారి మీద ముప్ఫయ్యేళ్ళు.
రెండు వేళ్ళు ఆ దారికే ఇచ్చేశాను.
చలికాలం ముందు ఊరి సమావేశాల్లో
నేను వినని వింత లేదు.
చర్చి గంట ఆపకుండా కొడితే
మంచుచరియ వెనక్కి తగ్గుతుందన్నాడొకడు.
వాలంతా ద్రాక్షసారా చల్లమన్నాడు ఇంకొకడు,
సారా తనే సరఫరా చేస్తాడట.
"గొప్పవాళ్ళందర్నీ చూసి మొదట నవ్వారు"
ఇద్దరూ ఇదే మాట.
కావచ్చు. కానీ నవ్వించుకున్నవాళ్ళంతా గొప్పవాళ్ళయితే
కట్టేసుకోడానికి మా ఊళ్ళో కొట్టాలు చాలవు.

ఆ ఏడు త్సియూరి లేచి నిలబడింది.
బడిలో రొట్టెలు కాల్చే మనిషి.
మోచేతుల దాకా పిండి, చంకలో నోటుబుక్కు.
"మంచు ఎక్కువ పడ్డ ఏడు కాదు,
మొదట్లో తక్కువ పడ్డ ఏడే భయపడాలి" అంది.
గది గొల్లుమంది. నేనూ నవ్వాను, దాచను.
తాతల నాటి నుంచి మేం ఎత్తునే కొలిచాం.
మోకాలి దాకా అయితే నిద్ర,
నడుము దాకా అయితే జాగారం.

ఆమె వాదించలేదు. బయటికి రమ్మంది.
బడి వెనక వాలులో, నేల తగిలేదాకా గొయ్యి తీసి
అడుగు నుంచి గుప్పెడు నా అరచేతిలో పోసింది.
ముద్ద చెయ్యమంది.
కాలేదు.
పంచదార పలుకుల్లా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది,
వేళ్ళు లేని చోట మరీ త్వరగా.
"అక్టోబరులో పడ్డ పలచటి పొర ఇది.
మబ్బులేని రాత్రుళ్ళు దీన్నిలా చేశాయి.
దీని మీద ఎంత పడ్డా
పంచదార మీద లేపిన గోడే."

అప్పటికీ నేను నమ్మలేదు.
గుప్పెడు మంచుకి లొంగేవాణ్ణయితే
సారావాడికే లొంగేవాణ్ణి.

నోటుబుక్కు అడిగాను. పద్నాలుగు చలికాలాలు.
తనే ముందు మూడు పేజీలు తెరిచి చూపింది:
తప్పు. తప్పు. తప్పు.
ఎర్ర సిరాతో. ప్రతిదాని కిందా ఎందుకో ఒక ఊహ,
ఆ ఊహ పక్కన మళ్ళీ ప్రశ్నార్థకం.
ఇంకో రెండు పేజీల్లో ఒక్కటే మాట: తెలియదు.
చివరి అట్ట మీద, ఎవరూ అడగకుండానే,
"అడుగు గట్టిగా ఉన్న వాలు
వరసగా రెండేళ్ళు జారితే
నా మాట పొయ్యిలో వెయ్యండి."

సారావాడి దగ్గర అలాంటి అట్ట లేదు.
నా దగ్గరా లేదు, మా తాత దగ్గరా లేదు.
నడుములోతు లెక్క ఎన్నిసార్లు తప్పిందో
మాలో ఎవరం రాసుకున్నాం గనక.

పిల్లల బడిదారి నది వైపుకి మార్చాం.
ఇరవై నిమిషాలు ఎక్కువ నడక. తల్లులు తిట్టారు,
అందరికన్నా గట్టిగా నా కోడలు.

వాలు ఆ ఏడు జారలేదు.

మార్చి చివర్లో రొట్టె కోసం వెళ్తే
పొయ్యి పక్కన కూర్చుని
నాలుగో తప్పు రాసుకుంటోంది, ఎర్ర సిరాతో.
తలెత్తకుండానే,
"వచ్చే ఏడు నా మాట వినొద్దులెండి" అంది.

గొయ్యి ఎప్పుడు తవ్వుదాం అని అడిగాను.