నాలుగో ట్రాక్ పేరు గోడ

విల్లివాక్కం దాటే ఆఖరి లోకల్
పట్టాల మీద తోక ఈడ్చుకుంటూ పోయాక
నాకు దొరికేది గంటన్నర.
ఫ్యాన్ ఆపేస్తాను. ఫ్రిజ్ ప్లగ్ పీకేస్తాను.
పొద్దున పాలు విరిగితే ఆ నేరం నాదే.
బీరువా తలుపులు బార్లా తెరిచి
చీరల మధ్య మైకు వేలాడదీస్తాను,
రిచీ స్ట్రీట్‌లో బేరమాడి ఆరువందలకు తెచ్చింది.
గద్వాలు జరీ కంటే పాత నూలుచీరే
ప్రతిధ్వనిని బాగా మింగుతుందని
ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను.

అంబత్తూరులో పగలంతా
వాల్వుల ఇన్వాయిస్‌లు కొట్టే వేళ్ళు ఇవి.
ఆఫీసు పారేసిన ల్యాప్‌టాప్‌కి
ఇళంగో అనే కుర్రాడు లినక్స్ ఎక్కించి ఇచ్చాడు.
"కాసు వేండాం అక్కా" అన్నాడు.
ఆ సాఫ్ట్‌వేర్‌కీ కాసు అక్కర్లేదు.
ముక్కూ మొహం తెలీని వాళ్ళెవరో
తమ నిద్ర తెగ్గోసి రాసి,
వీధి అరుగు మీద మంచినీళ్ళ కుండలా
పెట్టి వెళ్ళిపోయారు.
తాగినవాళ్ళు తాగొచ్చు.
కుండ విప్పి చూసి మళ్ళీ అతికించొచ్చు కూడా.

నాకు కోడ్ రాదు. ఒక్కటే చేశాను:
మెనూలో "హోరు తగించు" అని ఉంటే
దిద్ది పంపాను.
తర్వాతి వెర్షన్‌లో
నా గ-వత్తు వచ్చి కూర్చుంది.
దాని మీద మా ఇంటిపేరు లేదు.
అయినా ఆ రోజు సేమ్యా పాయసం చేశాను.

రెండు ట్రాకులు మాండలిన్, ఒకటి గొంతు.
హెడ్‌ఫోన్లో నా గొంతు నాకే
రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది,
అప్పడగడానికి వచ్చిన మనిషిలా తటపటాయిస్తూ.
క్లిక్ ట్రాక్ మాత్రం ఎప్పుడూ వేళకే,
సూపర్‌వైజరు పెన్నుతో బల్ల కొట్టినట్టు.
దానితో నాకు పడదు.
రెండో చరణానికి నేను ముందుంటాను, లేదా అది.

ఆ రాత్రి గోడ అవతలి నుంచి
ఠక్. ఠక్. ఠక్.
చచ్చాన్రా దేవుడా,
పక్కవాటా చెంబకవల్లి గొడవకొచ్చిందని
తీగెల మీద అరచెయ్యి వేసి ఊపిరి బిగబట్టాను.
ఎర్రచుక్క మాత్రం వెలుగుతూనే ఉంది.

ఆగలేదు.
మూడు, నాలుగు. మూడు, నాలుగు.
కోపానికి అంత నడక ఉండదు.
నా మిశ్రచాపు జారే చోటనే
ఎవరో తొడ మీద చరిచి చూపిస్తున్నట్టు.
క్లిక్ నోరు మూయించి గోడ వెంట నడిచాను.
జన్మలో మొదటిసారి
రెండో చరణం కాలు మడత పడకుండా దిగింది.

మర్నాడు పాత ఇయర్‌ఫోన్ మైకు
టేపుతో గోడకంటించి నాలుగో ట్రాక్ తెరిచాను.
పదకొండు రాత్రులు అలాగే.
ఏ విద్వాంసుల ఇంటి ఆడపడుచో అనుకుని
మెట్ల మీద కనిపిస్తే
నమస్కారం కొంచెం వంగి పెట్టేదాన్ని.
ఆవిడ నీళ్ళ లారీ వచ్చిందా అని అడిగేది.

ఆదివారం తలుపు తట్టాను.
వంటగదిలో ఇనపరోలు. చుట్టూ పొడి, ఘాటు.
నమస్కారానికి ముందే తుమ్మాను.
తెల్లారకముందే సైకిల్ మీద
స్టేషన్ దగ్గర అమ్మే సుక్కు కాఫీకి
శొంఠి దంచుతుందట.
"పాట్టా? ఎనక్కు తెరియాదు మా."
కుడి మణికట్టు చూపించింది,
ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నది.
మూడు దెబ్బలకే సలుపుతుంది,
ఎడమ చేతికి మారిస్తే నాలుగు.

మా ఇంటికి తీసుకొచ్చి
చీరల పక్కన స్టూలు వేసి
హెడ్‌ఫోన్ చెవులకు పెట్టాను.
కళ్ళు మూసుకుని మొత్తం వింది.
పాట గురించి ఒక్క మాటా అనలేదు.
మొదట్లో శొంఠి ఇంకా కొమ్ముగానే ఉందంది,
చివరికొచ్చేసరికి పొడైందంది.
గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది:
రేపు మిరియాలు,
చప్పుడు వేరేగా ఉంటుంది, చూసుకో.